సున్నాకి ఎడమవైపు

సమ్మాన్ ఎడారి, మన గుడారం
శనివారం పొద్దున

ముజ్నక్కా,

నేను మొదలుపెట్టిన పని ఏదీ పూర్తి చెయ్యనని నిన్న బావ ముందు, కాపరి బఖీత్ ముందు, చివరికి ఒంటెల ముందు కూడా అన్నావు. బడి మానేశాను, నిజమే. మెకానిక్ షెడ్డు మానేశాను, అదీ నిజమే. పొద్దస్తమానం బండి కింద వెల్లకిలా పడుకుని ఆకాశం ఉండాల్సిన చోట సైలెన్సర్ చూడటం నా వల్ల కాలేదు. అవన్నీ పడతాను. కానీ "నల్ల ఒంటెని నల్లగా ఫొటో తియ్యడం కూడా రాదు నీకు" అన్నావు చూడు, దానికి మాత్రం ఊరుకోను. నేను నోరు తెరిచేలోగా నువ్వు బండెక్కి తలుపేసుకున్నావు. ఇక్కడ ఫోను పలకదని నీకు బాగా తెలుసు. అందుకే ఇది రాసి నీళ్ళ ట్యాంకర్ గుల్‌జమాన్ చేతికిస్తున్నా. అతను హఫర్‌లో మీ వీధి మీదుగానే పోతాడు.

దహ్మా నల్లదే అక్కా. అది పుట్టిన రోజే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచినవాణ్ణి, దాని రంగు నాకు తెలీదా? పొద్దున్నే మిగతా ఒంటెలు లేచి నిలబడితే నల్ల ఒంటెలు లేచినట్టుంటుంది. ఇది లేస్తే గుడారానికి చీకట్లోకి ఇంకో తలుపు తెరిచినట్టుంటుంది. ఆ నలుపు నువ్విచ్చిన పాత కెమెరాలోకి పోయేసరికి ఖర్జూరం రంగైపోతోంది. దుమ్ము వల్ల అన్నావు. కడిగి తీశాను. ఎండ వల్ల అన్నావు. నీడలో తీశాను. అదే రంగు.

ఒంటెల అందాల పోటీ వాళ్ళ జవాబు నువ్వు కాఫీ దగ్గర కూర్చుని జడ్జీలాగా చదివావు. ఈ విభాగం శుద్ధ నలుపు ఒంటెలకి మాత్రమేనట, మనం పంపినది గోధుమరంగు ఒంటెట. నెలాఖరులోగా మళ్ళీ పంపుకోవచ్చట. ఫోనుతో తీసినవి చెల్లవు, తీశాక కంప్యూటర్లో రంగు దిద్దినవి చెల్లవు, ఫొటోలో మనుషులు ఉండకూడదు. నువ్వు చదవడం అయ్యాక నాన్న నీ కప్పులో కాఫీ పోసి, "ఈసారి కూడా కాదంటే అబూ సత్తాంని లారీ తెచ్చుకోమంటాను" అన్నాడు. ఆ బేరగాడు రెండేళ్ళుగా దహ్మా చుట్టూ తిరుగుతున్నాడు. వచ్చినప్పుడల్లా ఎర్రజీర ఉందంటాడు, పోయేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తూ పోతాడు.

దహ్మాని లారీ ఎక్కనివ్వను. మళ్ళీ తీస్తాను. నువ్వు చేతనైతే సాయం చెయ్యి, లేకపోతే నిన్నటిలాగే తలుపేసుకో.

ఫలాహ్


హఫర్
మంగళవారం

ఫలాహ్,

నీ ఉత్తరం గుల్‌జమాన్ మా గేటు దగ్గర హారన్ కొట్టి కొట్టి ఇచ్చాడు. వీధి వీధంతా మా ఇంట్లో నీళ్ళు అయిపోయాయనుకుంది. నీ చేతిరాత చూస్తే బడి నువ్వు మానేశావో, బడే నిన్ను మానేసిందో అర్థం కాలేదు.

నేనన్న మాట వెనక్కి తీసుకోను. కానీ సగం తప్పు కెమెరాదే. నేను పెళ్ళిళ్ళకి తియ్యడం మొదలుపెట్టిన కొత్తలో ఏమైందో నీకెప్పుడూ చెప్పలేదు. ఆడవాళ్ళ హాల్లో గుమ్మం దగ్గరే అందరి ఫోన్లూ తీసి సంచిలో వేస్తారు కదా, లోపల కెమెరా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. అంటే ఆ పెళ్ళికూతురికి ఆ రాత్రి గుర్తుగా మిగిలేది నేను తీసిన ఫొటోలే. మొదటి పెళ్ళిలో పెళ్ళికూతురి తెల్లగౌను గిన్నెలు కడిగిన నీళ్ళ రంగులో పడింది. పెళ్ళికూతురి తల్లి, "మేమింత ఖర్చు పెట్టి తెచ్చింది పాత దుప్పటా?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

తర్వాత తెలిసింది. కెమెరాకి ఎదురుగా ఉన్నది ఏమిటో తెలీదు. ఏది చూసినా బూడిదరంగు దగ్గరికి లాగాలని చూస్తుంది. దానికి మనం చెప్పాలి. పైన కుడిచేతి వేలి దగ్గర ప్లస్సూ మైనస్సూ ఉన్న బొత్తం ఉంది చూడు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. పేరు పెద్దది, పని చిన్నది. అది నొక్కితే తెర మీద కొలబద్ద లాంటి గీత వస్తుంది, మధ్యలో సున్నా. పక్కన చక్రం తిప్పితే ముల్లు జరుగుతుంది. నేను ఎప్పుడూ ప్లస్ వైపు జరుపుతాను. బూడిద పోయి అసలు రంగు వస్తుంది. నువ్వూ అంతే చెయ్యి. ప్లస్ వైపు పెట్టి తియ్యి. మిగతా బొత్తాలు ముట్టుకోకు, ఇదివరకు ముట్టుకుని దాన్ని జపాను భాషలోకి మార్చావు.

నాన్న కాళ్ళనొప్పులు ఎలా ఉన్నాయి? రాయవు, నాకు తెలుసు.

ముజ్నా


సమ్మాన్
గురువారం

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ప్లస్ వైపు పెట్టాను. కొంచెమే పెడితే తేడా తెలీదేమోనని బాగా పెట్టాను.

నాన్న తెర చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇదెవరి గాడిదరా?" అన్నాడు.

ఆ పక్కనే అబూ సత్తాం ఉన్నాడు. వాడు ఎప్పుడొచ్చాడంటావా, కాఫీ వాసన వచ్చిన చోటల్లా వాడుంటాడు. నాన్న చేతిలోంచి కెమెరా తీసుకుని ఎండకి చెయ్యి అడ్డంపెట్టి చూసి నాలుక చప్పరించి నాన్న వైపు తిరిగాడు. "అబూ ఫలాహ్, నేను రెండేళ్ళుగా చెబుతున్నది నీ కొడుకు ఒక్క బొత్తంతో చూపించాడు, దీని రంగు గురించి మిషను కూడా అబద్ధం చెప్పలేకపోయింది" అన్నాడు. నాన్న మొదటిసారి వాడికి ఎదురు చెప్పలేదు. బఖీత్ మాత్రం సూడాన్‌లో వాళ్ళ ఊరి గాడిదలు ఇంకా నల్లగా ఉంటాయని నన్ను ఓదార్చాడు.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. కోప్పడినా పర్లేదు. నువ్వు కావాలనే ప్లస్ అని చెప్పావా? నువ్వూ నాన్నా మొన్న బండి వెనక నిలబడి ఏదో మాట్లాడుకున్నారు, నేను రాగానే ఆపేశారు. దహ్మాని అమ్మాలని నీకూ ఉందా?

ఫలాహ్


హఫర్
ఆదివారం

ఫలాహ్,

కావాలని చేశానా అని నన్ను అడిగావు. ఆ కెమెరా నా మొదటి సంపాదనతో కొన్నది. ఇంకొకరికైతే తాకనిచ్చేదాన్ని కాదు. అది తెలిసి కూడా అడిగావు.

నేను తెల్లగౌన్లు తప్ప ఇంకోటి తీసి ఎరగను. నాకు ప్లస్సే పని చేసింది, అదే చెప్పాను. నీకెందుకు పని చెయ్యలేదో నాకు నిజంగా తెలీదు. నేను తప్పు చెప్పి ఉండచ్చు. ఈ ఉత్తరం చింపెయ్యి, బావ అక్కడికి వచ్చినప్పుడు చూపించకు.

బండి వెనక మాటలు దాచాను, అది నిజం. నాన్న చెప్పొద్దన్నాడు, అయినా చెబుతున్నా. దహ్మాని అమ్మితే వచ్చే డబ్బు నాన్నకి కాదురా, నీకే. హఫర్‌లో పెట్రోలు బంకు పక్కన నీకో టైర్ల కొట్టు పెట్టించాలని చూస్తున్నాడు. "వాడు ఎక్కడా నిలవడు, నేను పోయాక వాడికి నిలబడటానికి ఓ చోటు ఉండాలి" అన్నాడు. దహ్మా అంటే ఆయనకి ప్రాణం కాదనుకుంటున్నావా? నేను వెళ్ళేటప్పుడు దాని మెడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఎందుకలా నిలబడ్డావు నాన్నా అంటే, దాని మెడలో పురుగేదో ఉందేమో చూస్తున్నానన్నాడు.

నెలాఖరు ఎంతో దూరం లేదు. ఆ చక్రం ఇంకోవైపు కూడా తిరుగుతుంది కదా. నాకు తెలిసింది అంతే.

ముజ్నా


సమ్మాన్
బుధవారం, మధ్యాహ్నం

అక్కా,

కూర్చుని చదువు. బావ ఉంటే బావకి కూడా చదివి వినిపించు.

నీ ఉత్తరం చదివి ముందు సిగ్గేసింది. నిన్నలా అడిగినందుకు. తర్వాత టైర్ల కొట్టు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. పొద్దున్నే ఎవడితోనూ మాట్లాడకుండా కెమెరా తీసుకుని దహ్మా దగ్గరికి పోయాను. ముల్లు సున్నా దగ్గర పెట్టేశాను, ప్లస్సూ వద్దు ఏదీ వద్దు అని. తీస్తే మళ్ళీ ఖర్జూరం రంగే. ఇంకోటి తీశాను. సరిగ్గా ఆ క్షణాన బఖీత్ మేతగిన్నె పట్టుకుని నా ఫొటోలోకి నడిచొచ్చాడు. తెల్ల జుబ్బా, తెల్ల తలపాగా, నిన్ననే ఉతికినవి. వాణ్ణి తిట్టి, తుడిపేద్దామని తెర చూశాను.

అక్కా, ఆ ఫొటోలో దహ్మా నల్లగా ఉంది.

బఖీత్‌ని పక్కకి పొమ్మన్నాను. తీశాను. ఖర్జూరం. రమ్మన్నాను. నల్లన. మళ్ళీ పొమ్మన్నాను. ఇలా వాణ్ణి పొద్దెక్కేదాకా అటూ ఇటూ తిప్పాను. వాడికి విసుగొచ్చి, "నేను పక్కనుంటే దీనికి సిగ్గుతో ముఖం నల్లబడుతోంది తమ్ముడూ, ఇంక దాచి లాభం లేదు, సంబంధం మాట్లాడు" అన్నాడు. నేను నవ్వలేదు. ఇసుకలో కూలబడి ఆలోచించాను. బడిలో ఎప్పుడూ అంతసేపు ఆలోచించలేదు.

ఒంటె అదే, ఎండ అదే, కెమెరా అదే. మారింది ఒక్క తెల్లజుబ్బా. అంటే ఆ కెమెరా దహ్మాని ఒక్కదాన్నే చూడటం లేదు, ఫొటోలో పడిన మొత్తాన్నీ కలిపి చూస్తోంది. తెలుపు కూడా ఉంటే నలుపూ తెలుపూ కలిసి దానికి సరిపోతోంది, దేన్నీ లాగటం లేదు. దహ్మా ఒక్కతే నిండా నిండిపోతే, అమ్మో ఇంత చీకటేమిటని కంగారుపడి వెలుతురు గుమ్మరిస్తోంది. ఆ గుమ్మరించిన వెలుతురే మనకి ఖర్జూరం రంగు. నువ్వు చెప్పిన మాట నిజమే, అన్నిటినీ బూడిదలోకి లాగుతుంది. కానీ నీ పెళ్ళికూతురు తెల్లగా ఉండి కిందికి లాగబడుతోంది, నువ్వు పైకి తోస్తున్నావు. నా పెళ్ళికూతురు నల్లగా ఉండి పైకి లాగబడుతోంది. నేను కిందికి తొయ్యాలి. నల్లదానికి వెలుతురు చాల్లేదేమో, ఇంకాస్త గుమ్మరిద్దాం అనుకుంటామా, అక్కడే బోర్లాపడ్డాం ఇద్దరం. దాని దగ్గర్నించి వెలుతురు తీసెయ్యాలక్కా.

పోటీవాళ్ళు మనుషులు ఉండకూడదన్నారు కాబట్టి బఖీత్‌ని పంపేశాను. చక్రం మైనస్ వైపు చివరిదాకా తిప్పాను. నీ తమ్ముణ్ణి కదా, ఏదైనా చివరిదాకా పోయి చూస్తే గానీ తోచదు. ఈసారి దహ్మా కాదు, దహ్మా ఆకారంలో ఇసుకలో గొయ్యి పడింది. కన్ను లేదు, పెదవి లేదు, మూపురం మీద వెంట్రుక లేదు. ఒకటొకటిగా వెనక్కి జరుపుకుంటూ వచ్చాను. సున్నాకి ఎడమవైపు నాలుగో గీత దగ్గర ఆగింది. నల్లగా ఉంది, అయినా మెడ మీద రింగులు తిరిగిన వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టచ్చు. కింది పెదవి ఎలా వేలాడుతుందో తెలుస్తోంది. ఆ కంట్లో ఎవరో చిన్నవాడు కెమెరా పట్టుకుని నిలబడ్డాడు, చూస్తే నేనే.

నాన్న దగ్గరికి తీసుకుపోయాను. తెర చూపించాను. చూశాడు. లేచి బయటికెళ్ళి దహ్మాని చూశాడు. మళ్ళీ వచ్చి తెర చూశాడు. "ఇది మనదే" అన్నాడు. అంతే అన్నాడు, కానీ కాఫీ నా కప్పులో ముందు పోశాడు.

కెమెరాలోని కార్డు ఈ కవర్లోనే పెట్టాను, గుల్‌జమాన్ చేత ప్రమాణం చేయించాను. దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు పంపు. టైర్ల కొట్టు సంగతి నాన్నతో నేనే మాట్లాడతాను, పోటీవాళ్ళ జవాబొచ్చాక.

ఫలాహ్


హఫర్
సోమవారం

ఒరేయ్ ఫలాహ్,

తీసుకున్నారు. గడువుకి ముందురోజు జవాబొచ్చింది. "శుద్ధ నలుపు విభాగంలో ప్రవేశం ఇవ్వడమైనది, ఒంటెతో మైదానానికి రావలెను" అని. నేను మూడుసార్లు చదివాను. బావ చదివాడు. పక్కింటావిడ నీళ్ళు అయిపోయాయా అని అడగడానికొస్తే ఆవిడకీ చదివి వినిపించాను.

ఇంకోటి చెప్పాలి. నీ ఉత్తరం వచ్చిన వారమే ఒక పెళ్ళి. పెళ్ళికొడుకు నాయనమ్మ నల్ల ముసుగు, నల్ల మఖమల్ గౌను, దాని మీద నల్లదారంతోనే పూలు. ఆ ముసలావిడలు ప్రతి పెళ్ళికీ అలాగే వస్తారు, నా ఫొటోల్లో ప్రతిసారీ బూడిద పూసుకున్నట్టు పడతారు. ఎవరూ ఏమీ అనరు, పెళ్ళి వాళ్ళది కాదు కదా అని నేనూ పట్టించుకోలేదు. ఈసారి నువ్వు రాసింది గుర్తొచ్చి, పెళ్ళికూతురి దగ్గర ప్లస్‌లో ఉన్నదాన్ని ఆవిడ దగ్గరికొచ్చేసరికి మైనస్‌కి తిప్పాను. తెర చూపిస్తే ఆవిడ దాని మీద వేలు పెట్టి పూలు ఒక్కొక్కటీ తడిమింది. ఆ పూలు తానే కుట్టిందట, తన పెళ్ళైన ఏడాది. "ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదనుకున్నాను తల్లీ, ఫొటోల్లో అయితే నాకే కనపడలేదు" అంది. తర్వాత హాల్లో ఉన్న ముసలావిడలందరూ నా ముందు వరస కట్టారు. పెళ్ళికూతురు కుర్చీలో ఒంటరిగా కూర్చుని అలిగింది.

నువ్వు ఏదీ పూర్తి చెయ్యవన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఒక్కదానికే. మెకానిక్ షెడ్డు సంగతి అలాగే ఉంది.

పెళ్ళిళ్ళ రోజులు, నేను మైదానానికి రాలేను. ఏం జరిగిందో ప్రతి ముక్కా రాయి. కార్డు దీంతో పంపుతున్నా, కెమెరా నీ దగ్గరే ఉంచుకో. నాకు తిరిగివ్వాలని చూడకు, తీసుకోను.

ముజ్నా


పోటీ మైదానం, కంచె పక్కన
మధ్యాహ్నం

అక్కా,

ఇక్కడ ఫోను పలుకుతుంది. చెయ్యొచ్చు. కానీ ఈ గొడవ కాగితం మీద పెట్టుకున్నాం కాబట్టి కాగితం మీదే తేల్చుకుందాం. వరసలో ఉన్నాం, మోకాలి మీద పెట్టి రాస్తున్నా, గీతలు వంకరపోతే దహ్మాని తిట్టు, భుజం మీద మూతి పెట్టి రుద్దుతోంది.

పొద్దున తనిఖీ అయింది. రంగు పూసిన ఒంటెలు వస్తుంటాయట, అందుకని పశువైద్యుడు తెల్లగుడ్డ తడిపి ఒళ్ళంతా రుద్దుతాడు. మా ముందు నిలబడ్డవాళ్ళ ఒంటెని రుద్దితే గుడ్డ టీ రంగుకొచ్చింది. వాళ్ళు తాడు పట్టుకుని వెనక్కి పోయారు. మన వంతొచ్చింది. దహ్మాకి ఏమీ పూయలేదని నాన్నకి తెలుసు కదా, అయినా నా చెయ్యి పట్టుకున్నాడు. వైద్యుడు మెడ రుద్దాడు, మూపురం రుద్దాడు, తొడ రుద్దాడు. గుడ్డ ఎత్తి చూపించాడు. నీ పెళ్ళికూతురి గౌను కన్నా తెల్లగా ఉంది. ఆ తడి తాకేసరికి దహ్మా ఇంకా నల్లగా మెరిసింది.

అబూ సత్తాం కూడా వచ్చాడు. ఎర్రజీర ఊసే లేదు. నాన్న భుజం మీద చెయ్యేసి, ఎంతంటే అంత, ఇప్పుడే, ఇక్కడే అన్నాడు. నాన్న ఆ చెయ్యి మెల్లగా తీసి వాడి వస్తువు వాడికే తిరిగిచ్చినట్టు ఇచ్చేసి, "మావాడు కెమెరాతో ఏం చేస్తాడో చూడాలి. టైర్లు వేరేవాళ్ళు అమ్ముకుంటారు" అన్నాడు. అక్కా, నేను టైర్ల కొట్టు గురించి ఇంకా నోరెత్తలేదు. ఏం మాట్లాడాలో దారి పొడుగునా తయారుచేసుకున్నదంతా దండగైపోయింది.

మన ఫొటో ఇక్కడి బోర్డు మీద పెద్దగా వేశారు. పక్కన ఉన్న నల్ల ఒంటెలన్నీ బూడిదలో దొర్లినట్టు ఉన్నాయి, మనదొక్కటే తెల్లగోడకి రాత్రిలోకి తెరిచిన కిటికీలాగా ఉంది. చూసినవాళ్ళు ఎవరు తీశారని వెతుక్కుంటూ వచ్చారు. తెల్ల ఒంటెల వాళ్ళు కూడా వచ్చారు, వాళ్ళవి మురికిగా పడుతున్నాయట. దానికి మా అక్క పద్ధతి ఉంది అన్నాను. తెల్లవాటికి నీది, నల్లవాటికి నాది. వచ్చే నెలంతా వాళ్ళ ఒంటెల్ని ఫొటోలు తీస్తూ గుడారాలు తిరగడమే. నేను ఎక్కడా నిలవనని దిగులుపడ్డారు కదా మీరు. నిలవకుండా చేసే పని దొరికింది చూడు.

ఇందాక నాన్న, కొత్త జుబ్బా తొడుక్కుని, ఇస్త్రీ మడతలు కూడా పోకుండా నడుచుకుంటూ వచ్చి దహ్మా పక్కన నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ ఫొటో తియ్యమని అడిగినవాడు కాదు. ఇప్పుడూ అడగలేదు. ఊరికే నిలబడ్డాడు. దాని మెడ మీద చెయ్యి పెట్టాడు, పురుగు ఉందో లేదో చూస్తున్నట్టు. నేను కెమెరా ఎత్తాను.

"ప్లస్సా, మైనస్సా?" అన్నాడు. ఇవన్నీ ఎప్పుడు విన్నాడో.

"సున్నా చాలు నాన్నా. మీరిద్దరూ పక్కపక్కన ఉంటే దానికి ఏమీ చెప్పక్కర్లేదు."

తీశాను. జుబ్బా తెల్లగా పడింది, దహ్మా నల్లగా పడింది, నాన్న నవ్వుతున్నాడు. కార్డు కవర్లో పెడుతున్నా, పెద్దది చేయించి మీ ముందుగదిలో

మైకులో పేరు చదివారు. మొదటి మూడింటిలో దహ్మా. ఏ స్థానమో మధ్యలోకి వెళ్ళాక చెబుతారట. నాన్న తాడు నా వైపు చాపి, నువ్వే నడిపించు అంటున్నాడు. నేను వెళ్ళాలక్కా